ముందు ఆదాయం, తర్వాత కార్పెట్టు

అమెరికాలో ఇల్లు కొని అద్దెకిచ్చినవారికి అక్కడి పన్ను చట్టం ఏటా తరుగుదల అనే ఒక ఖర్చు రాసుకోనిస్తుంది. దానికోసం ఆ ఏడాది జేబులోంచి డబ్బు తీయనక్కర్లేదు. కొన్న ధరలో స్థలం విలువ పక్కనపెట్టి, కట్టడం విలువను 27.5 ఏళ్లకు పంచి, ఒక్కో ఏటి వాటాను అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అద్దె నివాసాలకు 1986 నాటి పన్ను సంస్కరణ పెట్టిన గడువు ఇది. అయితే ఇంట్లో ఉన్నదంతా గోడలూ కప్పూ కాదు. కార్పెట్టు, ఫ్రిజ్, స్టవ్, డిష్‌వాషర్ 5 ఏళ్ల వస్తువులు. కంచె, డ్రైవ్‌వే, పచ్చిక తడిపే పైపులు 15 ఏళ్లవి. వీటిని విడదీసి దేని ఖరీదు ఎంతో తేల్చే పనిని కాస్ట్ సెగ్రిగేషన్ అంటారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం, 2025 జనవరి 19 తర్వాత కొన్న ఇలాంటి వస్తువుల ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే రాసేసుకునే 100 శాతం బోనస్ తరుగుదలను శాశ్వతం చేసింది. దాంతో అందరి కళ్లూ దీని మీద పడ్డాయి. ఇంజినీర్లు ఇంటికొచ్చి చేసే పూర్తి అధ్యయనానికి వేల డాలర్లవుతుంటే, కొన్ని వందల డాలర్లకే ఆ నివేదిక తయారుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉద్యోగం చేసుకుంటూ ఒకటో రెండో ఇళ్లు అద్దెకిచ్చిన తెలుగువాళ్లకు ఇది సొంత విషయం. కింది సంవాదంలో మేనకోడలు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఇలాంటి పరికరం ఉండి తీరాలంటుంది. మామయ్య సీపీఏ, రిటర్నుల మీద సంతకం పెట్టే మనిషి, ఒప్పుకోడు. ఇద్దరూ నా ఊహలోని వాళ్లే. నా మొగ్గు ఎటో దాచను: సాఫ్ట్‌వేర్ ఉండాలి, కానీ ఇంట్లో వస్తువులు లెక్కపెట్టే ముందు అది యజమాని ఆదాయం సంగతి అడగాలి.

మేనకోడలు: మామయ్యా, ముందు ఇలా విడదీసుకునే హక్కును ఎవరు గెలుచుకొచ్చారో చూద్దాం. హాస్పిటల్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే ఆస్పత్రుల కంపెనీ టాక్స్ కోర్టుకెళ్లి 1997లో చాలావరకు నెగ్గింది. కార్పెట్లు, గోడలకు అతికించిన వినైల్ పొరలు, వైద్య పరికరాలకు వేసిన ప్రత్యేక వైరింగ్ లాంటివి భవనంలో భాగం కావని, త్వరగా తరిగే సామగ్రి కిందికి వస్తాయని కోర్టు ఒప్పుకుంది. సీలింగు, బాయిలర్లు మాత్రం భవనంతోనే ఉండిపోయాయి. ఆ తీర్పు మీదే కాస్ట్ సెగ్రిగేషన్ ఒక వృత్తిగా నిలదొక్కుకుంది. కానీ దాన్ని వాడుకున్నదెవరు? హోటళ్లు, ఆఫీసు టవర్లు, వందల వాటాల అపార్ట్‌మెంట్లు ఉన్నవారు. 2 కోట్ల డాలర్ల భవనానికి 10 వేల డాలర్ల ఫీజు ఒక లెక్కలోది కాదు. 4 లక్షల ఇంటికి అలాంటి అధ్యయనమే చేయిస్తే కలిసొచ్చిన దాంట్లో పెద్ద భాగం ఫీజుకే పోతుంది. చట్టం ఇద్దరికీ ఒకటే అయినా దాన్ని అందుకునే ఖర్చు ఒకటి కాదు. చిన్న యజమాని 27.5 ఏళ్ల లెక్క దగ్గరే ఆగిపోయింది అర్హత లేక కాదు, ధర అందక. ఆ ధరను దించే పనిని నేను న్యాయమైన పనిగానే చూస్తాను.

మామయ్య: హక్కు సంగతి కాదనను తల్లీ. అడ్డం వచ్చింది ధరేనన్న మాట దగ్గరే నాకు పేచీ. ఒక ఇల్లు తీసుకుందాం. డాలస్ శివార్లలో 4 లక్షల డాలర్ల ఇల్లు, అందులో స్థలం 80 వేలు. మిగిలిన 3 లక్షల 20 వేలను 27.5తో భాగిస్తే ఏటా 11,636 డాలర్ల తరుగుదల. నీ సాఫ్ట్‌వేర్ వచ్చి, ఇందులో 64 వేలు 5 ఏళ్లవీ 15 ఏళ్లవీ అని తేల్చిందనుకో. బోనస్‌తో ఆ 64 వేలూ మొదటి ఏడాదే తీసేయవచ్చు. మిగిలిన 2 లక్షల 56 వేల మీద మరో 9,309. మొత్తం 73 వేలు దాటింది. 11 వేలున్న చోట 73 వేలు కనబడితే ఎవరైనా వెంటనే డబ్బు కట్టేస్తారు. ఇప్పుడు అదే ఇంటి జమాఖర్చు చూడు. అద్దె నెలకు 2,400, ఏడాదికి 28,800. 3 లక్షల అప్పు మీద 6.5 శాతం వడ్డీ మొదటి ఏడాది 19 వేలకు పైనే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ఆస్తి పన్ను గట్టిగా ఉంటుంది, 8 వేలనుకో. బీమా 3 వేలు. తరుగుదల మాట ఎత్తకముందే ఇల్లు నష్టంలో ఉంది. మామూలు తరుగుదల కలిపితే నష్టం 13 వేలు దాటుతుంది. దాన్ని జీతంలోంచి తగ్గించుకోనిస్తారా? సెక్షన్ 469 అద్దె వ్యాపకాన్ని పాసివ్ కింద జమకట్టింది, అంటే దాని నష్టాన్ని మామూలుగా జీతంలోంచి తీసుకోనివ్వదు. యజమాని నిర్వహణలో పాలుపంచుకుంటే 25 వేల డాలర్ల దాకా నష్టాన్ని జీతంలోంచి తీసుకోవచ్చు. ఆదాయం లక్ష దాటినప్పటి నుంచి ఆ సౌకర్యం తగ్గుతూ వచ్చి లక్షన్నర దగ్గర పూర్తిగా పోతుంది. 1986లో రాసిన ఆ అంకెలను ధరలు పెరిగినా ఇప్పటిదాకా పెంచలేదు. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉన్న ఇంట్లో ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు. వాళ్లకు 13 వేల నష్టమే పనికిరాక ఫారం 8582లో నిలిచిపోయి ఉంటే, దాని పక్కన ఇంకో 62 వేలు పోగేసి ఏం ప్రయోజనం? ఆ ఏడాది పన్ను ఒక్క డాలరు కూడా తగ్గదు. ఇల్లు అమ్మిన రోజున నిలవ ఉన్న నష్టం విడుదలవుతుంది నిజమే. కానీ ఆ రోజున ఎక్కువ రాసుకున్న తరుగుదలంతా లాభంగా తిరిగొస్తుంది, అదీ ఇదీ చెల్లు. మధ్యలో కట్టిన ఫీజు మాత్రం పోయినట్టే.

మేనకోడలు: మీరు చెప్పిన కుటుంబానికి ఆ నివేదిక అక్కర్లేదు, ఒప్పుకున్నాను. ఆ ఒక్క కుటుంబాన్ని చూపించి మిగతా వాళ్లందరికీ తలుపు మూయలేం కదా. పదిహేనేళ్ల కిందట తక్కువ ధరకు ఒక ఇల్లు కొని అప్పు తీర్చేసినవారు ఉన్నారు. దాని మీద ఏటా నికరంగా లాభం వస్తుంది, దానికి పూర్తిగా పన్ను కడుతున్నారు. వాళ్లే నిరుడు రెండో ఇల్లు కొంటే, దాని నష్టాన్ని మొదటి ఇంటి లాభంలోంచి తగ్గించుకోవచ్చు. పాసివ్ నష్టాన్ని పాసివ్ లాభంతో సరిపెట్టుకోవడానికి జీతం ఎంతన్నది అడ్డురాదు. ఇంట్లో ఒక్కరే సంపాదిస్తూ లక్ష లోపు ఆదాయం ఉన్నవారికి ఆ 25 వేలూ నిండుగా దక్కుతాయి. భార్యో భర్తో ఉద్యోగం మాని పూర్తిగా ఇళ్ల పనే చూసుకుంటున్న కుటుంబాలున్నాయి. ఇంకొకటి, 2021లోనో 2022లోనో కొని ఈ లెక్క చేయించుకోనివారు పాత రిటర్నులు తిరగరాయనక్కర్లేదు. ఫారం 3115తో లెక్క పద్ధతి మార్చుకుని, అన్నేళ్లూ వదులుకున్న తరుగుదలను ఒకే ఏడాదిలో తెచ్చుకోవచ్చు. ఆ రెండేళ్లలో బోనస్ 100 శాతమే ఉంది. వీళ్లలో ఎవరికీ వేల డాలర్ల అధ్యయనం గిట్టదు. వీళ్లను వదిలేయమంటారా?

మామయ్య: వదిలేయమనను. నువ్వు చెప్పిన ప్రతి ఉదాహరణలోనూ ఒక మెలిక ఉంది, ఆ మెలిక దగ్గరే మనిషి కావాలి. ఇళ్ల పనే వృత్తి అని చెప్పుకుని నష్టాన్ని జీతంలోంచి తీసుకోవాలంటే ఏడాదికి 750 గంటలు దాటాలి. అంతేకాదు, ఆ మనిషి చేసే మొత్తం పనిలో సగానికి మించి అదే కావాలి. ఆఫీసులో 2,000 గంటలు పనిచేసేవారు ఇళ్ల మీద అంతకన్నా ఎక్కువ గంటలు పెట్టామంటే ఎవరు నమ్ముతారు? ఈ పరీక్షలో భార్యాభర్తల గంటలు కలపకూడదు, ఎవరో ఒకరు సొంతంగా గట్టెక్కాలి. ఇక చాలామంది చెవిలో పడ్డ రెండో దారి, సగటున 7 రోజులకు మించకుండా అతిథులకు ఇచ్చే ఇళ్లు. అవి అద్దె వ్యాపకం నిర్వచనంలోకే రావు కాబట్టి, యజమాని తగినంత పనిచేస్తే నష్టం జీతంలోంచి పోతుంది. 100 గంటల పరీక్ష మీద ఆధారపడేవారు తమకన్నా ఎక్కువ గంటలు పనిచేసినవారు ఇంకెవరూ లేరని చూపాలి, శుభ్రం చేసే మనిషి గంటలు కూడా అందులో లెక్కే. పైగా అలా రోజుల లెక్కన ఇచ్చే ఇంటి కట్టడం 27.5 ఏళ్ల గడువులోంచి జారి 39 ఏళ్లలోకి పోవచ్చు. సాఫ్ట్‌వేర్ తెర మీద ‘మీరు రియల్ ఎస్టేట్ వృత్తిలో ఉన్నారా’ అని అడిగి, అవును, కాదు అని రెండు బటన్లు పెడితే జనం ఏది నొక్కుతారో నీకు తెలియదా?

మేనకోడలు: అది ప్రశ్న అడిగిన తీరులో లోపం. దాన్నే ‘పోయిన ఏడాది ఉద్యోగంలో ఎన్ని గంటలు? ఇళ్ల మీద ఎన్ని? వాటికి రాసుకున్న డైరీ ఉందా?’ అని మూడుగా విడదీసి అడిగితే సమాధానం తనంతట తనే తేలుతుంది. సగటు బస ఎన్ని రోజులో బుకింగుల పట్టికలోంచే తీయవచ్చు. ఇల్లు కొనడానికి ఒప్పందం మీద సంతకం ఏ తేదీన పడిందో అడిగితే బోనస్ శాతం తెలుస్తుంది, ఎందుకంటే 2025 జనవరి 19కి ముందే కట్టుబడి ఒప్పందం రాసుకుని అదే ఏడాది అద్దెకిచ్చినవారికి దక్కేది 40 శాతమే. మామయ్యా, ఏప్రిల్ 15 ముంచుకొస్తుంటే రోజుకు ఇరవై రిటర్నులు చేసే ఆఫీసులో ఈ ప్రశ్నలన్నీ ఎవరు అడుగుతారు? షరతులను ఒకదాని తర్వాత ఒకటి విసుగులేకుండా అడగడం ప్రోగ్రాముకు చేతనైన పని.

మామయ్య: అడగడం వరకు సరే. నివేదిక లోపలి అంకెల మాటేమిటి? కాస్ట్ సెగ్రిగేషన్ పరిశీలనకు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ తన అధికారుల కోసం ఒక మార్గదర్శి రాసుకుంది. ఫలానా పద్ధతే వాడాలని అది నిర్బంధించదు గానీ, ఇంటిని చూడకుండా పాత అనుభవం మీద శాతాలు వేసే ఉజ్జాయింపు పద్ధతిని జాగ్రత్తగా చూడమంటుంది. చవక సాఫ్ట్‌వేర్లలో కొన్ని చేసేది సరిగ్గా అదే. జిప్‌కోడ్, కట్టిన సంవత్సరం, చదరపు అడుగులు తీసుకుని 20 శాతమో 25 శాతమో పక్కకు తీస్తాయి. 2012లో టాక్స్ కోర్టు ముందుకొచ్చిన అపార్ట్‌మెంట్ సముదాయం కేసు గుర్తుచేసుకో. యజమానులు వెయ్యికి పైగా విడిభాగాలను త్వరగా తరిగేవని చూపారు. వంటింటి సింకులు, రంగులు, చెక్క అలంకరణల్లాంటి వాటిలో చాలావరకు మళ్లీ 27.5 ఏళ్లకే పోయాయి. లెక్క తప్పితే కట్టాల్సిన పన్నుకు తోడు 20 శాతం జరిమానా పడొచ్చు. సాఫ్ట్‌వేర్ అలా చెప్పిందంటే సరిపోదు. రిటర్ను తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద నెపం వేసిన దంపతులకు 2010లోనే టాక్స్ కోర్టు ఆ మినహాయింపు ఇవ్వలేదు.

ఇక్కడ నేను కాసేపు కల్పించుకోవాలి. మామయ్య మాట బలమైనదే కానీ, అది ఉజ్జాయింపు వేసే సాఫ్ట్‌వేర్ మీద అభ్యంతరం. చవకదనం మీద అభ్యంతరం కాదు. ఇంటిని చూడకుండా వేసిన శాతానికి వెయ్యి డాలర్లు తీసుకున్నా అది ఉజ్జాయింపే. ప్రశ్న వేరే చోట ఉంది: ఒక మామూలు ఇంటికి సంబంధించిన రుజువును ఆ ఇంటి యజమానే సేకరించగలడా? ఆస్పత్రిలో ఏ తీగ ఏ యంత్రానికి పోతుందో చెప్పడానికి ఇంజినీరు కావాలి. మూడు పడకగదుల ఇంట్లో ఏ గదిలో కార్పెట్టు ఉందో, ఏ గదిలో సిమెంటులో పరిచిన టైల్స్ ఉన్నాయో చెప్పడానికి అక్కర్లేదు. మొదటిది 5 ఏళ్లది, రెండోది భవనంలో భాగం. మేనకోడలు అందుకున్నది కూడా ఈ కొసనే.

మేనకోడలు: ఇప్పుడు చాలా రిటర్నుల్లో ఏం జరుగుతోందో చూడండి. స్థలానికీ కట్టడానికీ మధ్య విభజనను కౌంటీ ఆస్తి పన్ను చీటీలోంచి ఎత్తి రాస్తారు, లేదా 20, 80 అని వేసేస్తారు. దాని మీద 27.5 ఏళ్లూ నడిచిపోతుంది. అదీ ఉజ్జాయింపే. దానితో పోలిస్తే ప్రతి గదికీ కొలత, నేలకూ పరికరాలకూ తేదీతో ఫొటో, కంచెకు అడుగుల లెక్క, ప్రతి వస్తువు పక్కన ఖరీదు ఎలా కట్టామో ఒక వాక్యం ఉన్న నివేదిక ఎంతో నయం. సింకును సాఫ్ట్‌వేర్ 5 ఏళ్లలో వేయకూడదన్నది నియమంగా రాసేస్తే ఇక ఎవరూ పొరపాటున వేయరు. ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. 8 ఏళ్ల తర్వాత సొంత డబ్బుతో పైకప్పు మార్చారనుకోండి. పాత కప్పు ఖరీదు మొదట్లోనే 12 వేలని విడిగా రాసిపెట్టి ఉంటే, ఇంకా తరగకుండా మిగిలిన దాదాపు 8,500 డాలర్లను ఆ ఏడాది రిటర్నులో పాక్షిక తొలగింపు కింద కొట్టేయవచ్చు. విడిగా రాయనివారు చెత్తకుప్పకు పోయిన కప్పు మీద ఇంకా 19 ఏళ్లకు పైగా తరుగుదల వేసుకుంటూ కూర్చుంటారు, దాని పక్కనే కొత్త కప్పుకు ఇంకో వరస. బే ఏరియాలో ఇల్లున్నవారి సంగతి మరీ చిక్కు. కాలిఫోర్నియా ఫెడరల్ బోనస్‌ను ఒప్పుకోదు, కాబట్టి అదే కార్పెట్టుకు ఫెడరల్ రిటర్నులో ఒక లెక్క, రాష్ట్ర రిటర్నులో ఇంకో లెక్క ఏళ్ల తరబడి నడవాలి. చేత్తో రాసే పట్టికలో ఇది రెండో ఏటికే తప్పుతుంది.

మామయ్య: పైకప్పు మాట నిజం, నా దగ్గరికొచ్చే పత్రాల్లో ఆ వివరం ఎప్పుడూ ఉండదు. కానీ అమ్మకం రోజు గురించి నీ తెర ఏమంటుంది? 5 ఏళ్ల వస్తువుల మీద రాసుకున్న తరుగుదల అమ్మినప్పుడు లాభంగా మారితే దానికి మామూలు ఆదాయపు రేటు పడుతుంది. కట్టడం మీద నిదానంగా వేసుకున్న తరుగుదలకైతే గరిష్ఠం 25 శాతం. మూడేళ్లలో అమ్మేయాలనుకునేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి. మొదటి ఏడాది ‘ఆదా’ అని చూపించినదాంట్లో కొంత అప్పే.

మేనకోడలు: వడ్డీ లేని అప్పు మామయ్యా, దానికీ ఒక విలువుంది. పైగా పూర్తిగా తిరిగి కట్టాల్సినదీ కాదు. 10 వేలకు వేసిన కార్పెట్టు ఐదేళ్లు అద్దెవాళ్లు తొక్కాక ఎంతకు పోతుంది? అమ్మకం ధరలో దాని న్యాయమైన వాటా తక్కువే ఉంటుంది. మామూలు రేటు పడేది ఆ వాటాలో వచ్చిన లాభానికే. కాకపోతే అమ్మినప్పుడు ఆ వాటా ఎంతో చూపే కాగితం కావాలి, మళ్లీ అదే పట్టిక అక్కరకొస్తుంది. ఎన్నేళ్లు ఉంచుకుంటారో అడిగి, ఆదాను రెండు వరసల్లో, ఈ ఏడాదిది ఒకటి, అమ్మకం నాటికి నికరంగా మిగిలేది ఒకటి అని చూపించాలి. రెండో వరస చూపని సాఫ్ట్‌వేర్‌ను నేనూ సమర్థించను.

మామయ్య: మన దేశంలో చూడు, ఈ తతంగమేమీ లేదు. హైదరాబాద్‌లో ఫ్లాటు అద్దెకిచ్చినవారు మునిసిపల్ పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం నేరుగా తీసేస్తారు. రసీదు చూపనక్కర్లేదు, కార్పెట్టు కొలవనక్కర్లేదు. చట్టమే సులువుగా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ బేరాలే పుట్టవు.

మేనకోడలు: సులువైన చట్టం రావాలని నేనూ కోరుకుంటాను. అది వచ్చేదాకా చిక్కు చట్టం ఖర్చు చిన్నవాడి మీదే ఎక్కువ పడకుండా చూడాలి కదా. మీరు హైదరాబాద్ ఎత్తారు కాబట్టి ఇదీ చెప్పాలి. డాలస్‌లో ఉంటూ గచ్చిబౌలి ఫ్లాటు అద్దెకిచ్చినవారు ఆ ఆదాయాన్ని అమెరికా రిటర్నులోనూ చూపాలి. అక్కడ 30 శాతం చెల్లదు. 2017 తర్వాత అద్దెకు పెట్టిన ఇల్లయితే 30 ఏళ్ల తరుగుదల, అంతకుముందుదైతే 40 ఏళ్లు. దేశం బయట ఉన్న ఆస్తికి బోనస్ రాదు. ఆ చిరునామా పడగానే ‘ఇది మీకు పనికిరాదు’ అని సాఫ్ట్‌వేర్ ఆగిపోవాలి.

మామయ్య: ఆగుతుందా? నివేదికకు ఇంత అని డబ్బు తీసుకునేవారు ‘మీకు నివేదిక అక్కర్లేదు’ అని ఎందుకు చెబుతారు? నా అసలు భయం అదే. నువ్వు చెప్పిన ప్రశ్నలన్నీ మొదటి తెర మీద పెడితే సగం మంది అక్కడే వెనక్కి పోతారు. వ్యాపారం చేసేవారు వాటిని చివరి తెరకు, చిన్న అక్షరాల్లోకి తోస్తారు.

మేనకోడలు: అందుకే నివేదికకు ధర పెట్టకూడదంటాను. ఏడాదికింత అని చిన్న చందా పెట్టి, ఇంటి పట్టికను నడపడానికి డబ్బు తీసుకోవాలి. పాసివ్ నష్టం నిలిచిపోయే కుటుంబానికి ఈ ఏడాది విడదీయవద్దని చెప్పినా చందాకేమీ లోటు రాదు. వాళ్లు రెండో ఇల్లు కొన్నప్పుడో, ఒకరు ఉద్యోగం మానినప్పుడో, మొదటి ఇల్లు లాభంలో పడినప్పుడో అదే పట్టిక మీద ఫారం 3115 వేయవచ్చు. అప్పటిదాకా ఫొటోలు, రసీదులు, నష్టం నిలవ, అన్నీ ఒకచోట ఉంటాయి.

మామయ్య: ఏమీ కలిసిరాని ఏడాది కూడా జనం చందా కడతారా?

మేనకోడలు: కొందరు కట్టరు. పైకప్పు మార్చిన ఏడాది, అమ్మిన ఏడాది ఆ పట్టిక లేని లోటు తెలుస్తుంది. కట్టినవారు మీ దగ్గరికి ఫొటోలతో, కొలతలతో, గంటల డైరీతో వస్తే మీరు సంతకం పెడతారా?

మామయ్య: ఖరీదు ఎలా కట్టారో వస్తువు వస్తువుకూ రాసి ఉండాలి, సింకులూ టైల్సూ 27.5 ఏళ్లలోనే ఉండాలి. నష్టం ఈ ఏడాది వాడుకోవచ్చో లేదో మొదటి పేజీలోనే ఉండాలి. అలా ఉంటే పెడతాను.